రంగం ఓడ జ్ఞాపకాలు రాయబోతున్న మనవరాలికి

బరంపురం

చిరంజీవి మనవరాలికి చిన్నతాత ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం చదివాను. మన ఇంటి పెద్దలు ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్ పట్నం, వెళ్లిన సంగతులూ, అక్కడి నుండి తిరిగి వచ్చిన సంగతులూ ఒకచోట రాసి పెట్టాలని నీకు కలిగిన ఆలోచన మంచిది. ఎవరిని ఏమి అడగాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. నేను బతికినంత కాలం దస్తావేజు లేఖరిగా ఇతరుల తాతముత్తాతల పేర్లు, హద్దులు, తేదీలు రాసినవాణ్ణి. ఆ పని మానుకున్న తర్వాత మన పేటలో కొన్ని కుటుంబాలవారు కోరగా వారి రంగం కథలు విని, కాగితాలతో సరిచూసి రాసి ఇచ్చాను. ఆ అలవాటుతో ఒక మాట ముందుగా చెబుతాను. పెద్దవాళ్లను తేదీలు అడగవద్దు. వారి దగ్గర ఉన్నది ప్రయాణం. తేదీని వెతికి పట్టుకోవడం నీ పని. "ఏ సంవత్సరంలో వెళ్లారు మామ్మా?" అని మొదలుపెడితే "నాకేం గుర్తుంది తల్లీ" అంటారు. ఆ మాట ఒకసారి నోట వచ్చిందంటే ఆ తర్వాత అడిగిన ప్రతిదానికీ అదే జవాబు వస్తుంది. "ఓడలో చాప ఎక్కడ పరుచుకున్నారు?" అని అడిగి చూడు, పూటంతా చెబుతారు.

మన వైపు ఏ ఇంట్లో అడిగినా రంగం కథ రెండు ముక్కల్లో తేలిపోతుంది. మా తాత రంగం వెళ్లి బాగా సంపాదించాడన్నది ఒకటి, యుద్ధం వస్తే అంతా వదిలేసి నడిచి వచ్చాడన్నది మరొకటి. ఈ రెండింటికీ నడుమ సముద్రం మీద గడిచిన పగళ్లనూ రాత్రులనూ ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. సంపాదన కథలో కొంత గొప్ప కలుస్తుంది, నష్టం కథలో కొంత బాధ కలుస్తుంది. ఓడలో గడిచిన రోజుల్లో మాత్రం గొప్పకు చోటు లేదు కాబట్టి అక్కడ చెప్పే మాటలు చాలావరకు నిజమై ఉంటాయని నా అనుభవం. అందుచేత నీ పుస్తకానికి ఆ ప్రయాణాన్నే వెన్నెముకగా పెట్టుకో.

ముందుగా నీకు తెలిసి ఉండవలసిన కొద్దిపాటి చరిత్ర. ఇప్పుడు గంజాం కుర్రవాళ్లు సూరత్ మరమగ్గాలకు వెళుతున్నట్టే ఆ రోజుల్లో ఇక్కడివారు రంగం వెళ్లేవారు. మన బరంపురం, ఛత్రపురం అప్పట్లో మద్రాసు రాజధానిలోనివి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1937 ఏప్రిల్ 1న, బర్మాను ఇండియా నుండి విడదీశారు. అంతవరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. అందువల్ల రంగం వెళ్లడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు; టికెట్టు డబ్బులుంటే చాలు, అవి లేకపోతే మేస్త్రి దగ్గర బయానా తీసుకుని అక్కడ కూలిలో తీర్చుకునేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ పట్టణ జనాభా నాలుగు లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. బియ్యపు మిల్లుల్లో, ఓడరేవులో బస్తాలు మోసే పనిలో, రిక్షాలు లాగే పనిలో మన తెలుగువారు ఎక్కువ. వారిని అక్కడ కొరంగీలని పిలిచేవారు. పాత కాగితాల్లో ఆ మాట కనిపిస్తే మనవారి గురించేనని తెలుసుకో.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, రంగం వెళ్లిన ప్రయాణికుల పేర్ల జాబితాలు దొరుకుతాయా అని నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. దక్షిణాఫ్రికాలోని నాటాలుకు, మారిషస్, ఫిజీ దేశాలకు ఒప్పందపు కూలీలుగా వెళ్లినవారికి ఒక్కొక్కరికీ విడిగా కాగితం రాసేవారు. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, ఎత్తు, ఒంటి మీద మచ్చలు కూడా అందులో ఉంటాయి. 1860లో మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 వరకు నాటాలుకు వెళ్లిన లక్షన్నర మందికి పైగా జాబితాలు ఈనాటికీ ఉన్నాయి, వారిలో గంజాం, విశాఖపట్నం జిల్లాలవారూ ఉన్నారు. మారిషస్‌వి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. రంగం వెళ్లిన డెక్కు ప్రయాణికుల సంగతి అలా కాదు. ఒక రాష్ట్రం నుండి ఇంకో రాష్ట్రానికి వెళ్లే కూలివాడి ఒంటి మీద మచ్చలు ఎవరు రాసుకుంటారు? మన ముత్తాత పేరు ఏదో జాబితాలో దొరుకుతుందని ఏళ్ల తరబడి వెతుకుతూ కూర్చుంటే, ఈలోగా చెప్పగలిగినవారు వెళ్లిపోతారు. మనుషులు ముందు, కాగితాలు తర్వాత.

ఇక అడిగే పద్ధతి. ప్రయాణం ఏ వరుసలో సాగిందో ఆ వరుసలోనే అడగాలి, మధ్యలో ముందుకు దూకకూడదు. ఇల్లు విడిచిన రోజుతో మొదలుపెట్టు. ఎవరు ముహూర్తం చూశారు, ఏ అమ్మవారికి మొక్కారు, మూటలో ఏమి కట్టారు, గోపాల్‌పూర్ రేవు దాకా బండి మీద వెళ్లారా, నడిచారా, రాత్రి ఎక్కడ పడుకున్నారు. మూటలోని తిండి గురించి అడిగితే ఆడవాళ్లు ఎంత వివరంగా చెబుతారో నీకు తెలియదు. అటుకులు, చోడిపిండి, ఎండుచేపలు, చింతపండు ఉండలు, వాంతులు కాకుండా నాలుక మీద పెట్టుకోవడానికి నిమ్మకాయ ఊరగాయ. ఆ తిండి ఎన్ని రోజులకు సరిపడా కట్టారో అడిగావంటే ప్రయాణం ఎన్ని రోజులనుకున్నారో దానంతటదే తెలుస్తుంది.

తర్వాత రేవు. గోపాల్‌పూర్‌లో అప్పుడు ఓడ ఒడ్డుకు వచ్చే ఏర్పాటు లేదు. ఇప్పటి పోర్టు వేరు, అది తర్వాత కట్టినది. స్టీమరు దూరంగా సముద్రంలో లంగరు వేసి ఆగేది. ఒడ్డు నుండి మనుషులనూ సరుకునూ మసూలా పడవల్లో అలలు దాటించి తీసుకువెళ్లేవారు. ఆ పడవలకు మేకులుండవు, పలకలను కొబ్బరితాడుతో కుట్టేవారు, అల విరిగి మీద పడినప్పుడు పలకలు కొంచెం వంగి ఊరుకునేవి, పగిలేవి కావు. సముద్రతీరంలో పాత జెట్టీ స్తంభాలు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి కదా, నీకు చిన్నప్పుడు చూపించాను. వీలైతే పెద్దవాళ్లను ఒకసారి అక్కడికి తీసుకువెళ్లి, అక్కడే కూర్చోబెట్టి అడుగు. ఇంట్లో నాలుగు మాటలు చెప్పినవారు అక్కడ నలభై చెబుతారు. పడవలో నుండి ఓడలోకి ఎలా ఎక్కారన్న ప్రశ్న మరిచిపోవద్దు. పసిపిల్లలను ఎవరు అందుకున్నారు, చీర తడిసిందా, పెట్టె నీళ్లలో పడిందా అని అడగడానికి నీకు చిన్న విషయాలుగా కనిపించవచ్చు, కానీ భయం మొదలైంది అక్కడే కాబట్టి జ్ఞాపకం కూడా అక్కడే గట్టిగా పట్టుకుని ఉంటుంది.

ఓడ లోపలి సంగతులకు వచ్చేసరికి నిదానించు. మనవారిలో దాదాపు అందరూ డెక్కు ప్రయాణికులే, గదులు వేరేవారివి. చాప పరిచిన మేరే వారి ఇల్లు. తల ఏ వైపు పెట్టి పడుకున్నారు, పక్కన ఎవరున్నారు, ఏ ఊరివారు, ఏ కులంవారు, ఎవరి చేతి నీళ్లు తాగారు, ఎవరి చేతివి తాగలేదు, మరుగుకు ఆడవాళ్లు ఏమి చేశారు, వాన పడితే ఎక్కడికి జరిగారు. వీటికి జవాబులు రాసుకుంటూ పోతే ఆ కాలపు సమాజమంతా ఆ చాప చుట్టూ కనిపిస్తుంది. ఊళ్లో ఒకరి గడప ఒకరు తొక్కనివారు ఓడలో ఒకే గొట్టం దగ్గర నీళ్లు పట్టుకున్నారని ఒక ముసలావిడ నాకు చెప్పింది. రంగంలో దిగాక మళ్లీ ఎవరి దారి వారిదేనట. ఆ వాక్యాన్ని ఆమె చెప్పినట్టే రాసి పెట్టాను, ఒక్క అక్షరం మార్చలేదు. "మీకు ఎలా అనిపించింది?" అన్న ప్రశ్న అడగకు. అది టీవీవాళ్ల ప్రశ్న. దానికి వచ్చే జవాబు కూడా టీవీలో విన్న జవాబే అవుతుంది.

ఒడ్డు చేరడం గురించి ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడుగు. రంగూన్ సముద్రం మీద లేదు, నది మీద ఇరవై మైళ్ల పైచిలుకు లోపల ఉంది. భూమి కనిపించకముందే నీళ్ల రంగు మారి బురదగా అవుతుంది. నదిలోకి వెళ్లాక చాలా దూరం నుండే ష్వేడగాన్ పగోడా బంగారు శిఖరం కనిపిస్తుంది. ఎవరైనా నీలి సముద్రం మీద నుండి నేరుగా పట్నంలో దిగామని చెబితే, వారు స్వయంగా వెళ్లలేదని, విన్నది చెబుతున్నారని గ్రహించు. అలాగని వారిని తప్పు పట్టకు. విన్న కథకు కూడా విలువ ఉంది, కాకపోతే చూసినవారి మాట, విన్నవారి మాట అని నీ నోట్సులో వేరువేరుగా గుర్తు పెట్టుకోవాలి.

ఓడల పేర్లు పలికేటప్పుడు పెద్దవాళ్లు వాటిని తమకు తోచినట్టు మార్చేస్తారు. మన తీరం నుండి నడిచిన స్టీమర్లలో ఎక్కువ భాగం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి, అందరూ బీఐ కంపెనీ అనేవారు. ఆ ఓడల పేర్లు చాలావరకు ఊళ్ల పేర్లూ స్థలాల పేర్లూ, చివర 'ఆ' కారం వచ్చేవి. పొగగొట్టం నల్లగా ఉండి, దాని మీద రెండు తెల్లని పట్టీలు ఉండేవి. అందువల్ల పేరు అడిగే ముందు పొగగొట్టం రంగు అడుగు. సింధియా కంపెనీవారి ఓడల పేర్లు 'జల'తో మొదలవుతాయి. విశాఖపట్నంలో 1948 మార్చిలో నీటిలోకి దించిన జల ఉష కూడా వారిదే. రంగం కాక మలయాకు వెళ్లిన బంధువులు ఎవరైనా "రజూలా" అంటే సందేహించనక్కరలేదు. అది 1926లో కట్టిన రాజులా అనే బీఐ ఓడ, మద్రాసుకూ సింగపూర్‌కూ మధ్య 1973 దాకా నడిచింది. ఒక హెచ్చరిక ఏమిటంటే, ఈ కంపెనీలు ఒక ఓడ పోయాక అదే పేరు మరో ఓడకు పెట్టేవి. మన చిలికా సరస్సు పేరు పెట్టుకున్న చిల్కా ఒకటి బారువ దగ్గర మునిగి ఇప్పటికీ అడుగున ఉంది, ఈమధ్య ఈత నేర్చినవాళ్లు దిగి చూసి వస్తున్నారు. అదే పేరున్న మరొకటి 1942 మార్చిలో జపాను జలాంతర్గామి దాడిలో మునిగింది. కాబట్టి పేరు దొరికినంత మాత్రాన సంవత్సరం దొరికినట్టు కాదు. పి అండ్ ఓ కంపెనీ 1914లో బీఐని కలుపుకుంది. ఆ పి అండ్ ఓ వారి చరిత్ర విభాగం ఒక్కొక్క ఓడకూ ఒక్కొక్క వివరపత్రం తయారు చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. అక్కడ చూసి సరిచూసుకో.

ఇప్పుడు తేదీల సంగతి. పెద్దవాళ్లకు అంకెలు గుర్తుండవు గానీ ముందూ వెనకా గుర్తుంటాయి. మన పట్నంలో ఠాకురాణి యాత్ర రెండేళ్లకొకసారి వస్తుంది కాబట్టి యాత్ర జరిగిన ఏడా, జరగని ఏడా అని అడిగితే ముసలివాళ్లు తడుముకోకుండా చెబుతారు. అలాగే రంగంలో జరిగిన కొన్ని సంఘటనలను మేకుల్లా కొట్టుకుని వాటికి కథను తగిలించాలి. 1930 మే 5న బర్మాలో పెగూ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. అదే రోజున గాంధీ గారిని అరెస్టు చేశారు. ఆ రోజుల్లోనే రంగూన్ రేవులో తెలుగు కూలీలు పని మానేశారు. వారి స్థానంలో బర్మావారిని పెట్టుకుని, సమ్మె తీరిన తర్వాత ఆ బర్మావారిని వెళ్లగొట్టడంతో ఆ నెల 26న అల్లర్లు చెలరేగి వందమందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువ మంది మనవారు. 1938 జూలైలో మళ్లీ అల్లర్లు జరిగాయి. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద మొదటిసారి బాంబులు వేశాయి, రెండు రోజుల తర్వాత క్రిస్మస్ నాడు మళ్లీ వేశాయి. 1942 మార్చి 8న పట్నం జపానువారి చేతిలోకి వెళ్లింది. ఏప్రిల్ 6న ఇక్కడ విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. భూకంపం నాటికి మీరు అక్కడున్నారా, మొదటి బాంబుల నాటికి అన్నయ్య పుట్టాడా, విశాఖ మీద బాంబులు పడ్డాయని విన్నప్పుడు మీరు ఇంట్లో ఉన్నారా, దారిలో ఉన్నారా? ఇలాంటి మూడు ప్రశ్నలతో సంవత్సరమే కాదు, నెల కూడా తేలుతుంది.

మన ఇంటి కథనే తీసుకో. బాంబులు పడ్డాక సంక్రాంతి వెళ్లిన తర్వాత మా నాన్న, అంటే నీ ముత్తాత, ఇల్లాలినీ కూతురినీ ఓడ ఎక్కించి పంపించి, తాను ఆగిపోయాడు. తర్వాత బర్మా సరిహద్దులోని తాము అనే ఊరి గుండా మణిపూరు కొండలు దాటి ఇంఫాల్ మీదుగా దిమాపూర్ రైలు స్టేషనుకు నడిచి వచ్చాడు. ఆ ఓడ కలకత్తాలో దించిందని ఆ కూతురు, అంటే మా అప్ప, చెబుతుంది. అప్పటికి ఆమె ఎనిమిదేళ్ల పిల్ల. విశాఖపట్నంలో దించిందని తన అత్తగారు, అంటే మా అమ్మ, చెప్పగా విన్నానని మీ మామ్మ అంటుంది. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చాలని తొందరపడవద్దు. రెండూ రాసి, ఏది ఎవరు చెప్పారో పక్కన రాసి పెట్టు. ఒకటి కొట్టివేసి ఒకటే ఉంచితే, రేపు కొత్త కాగితం బయటపడినప్పుడు సరిచూసుకోవడానికి రెండో మాట మిగలదు. ఇంటిలో జ్ఞాపకాలు రాసేవారు న్యాయమూర్తులు కానక్కరలేదు, మంచి గుమస్తాలైతే చాలు.

నడిచి వచ్చినవారందరూ ఒకే దారిలో రాలేదు. ప్రోమ్ నుండి టౌంగుప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి వచ్చినవారున్నారు, తాము ఊరి దారిన మణిపూరుకు వచ్చినవారున్నారు, ఇంకా ఉత్తరాన హుకాంగ్ లోయ దాటి లెడో చేరినవారున్నారు. ఏ రైలు స్టేషనులో రైలెక్కారని అడిగితే దారి తెలుస్తుంది. ఈ కథల్లో చావులు ఎక్కువ. ఎవరిని దారిలో వదిలేసి రావలసి వచ్చిందో నువ్వుగా అడగవద్దు. వారుగా చెప్పినప్పుడు రికార్డు చేయడం ఆపి, విని, తర్వాత రాసుకో.

1942లో వచ్చినవారి కథనూ 1964 తర్వాత వచ్చినవారి కథనూ కలిపేయకు. యుద్ధం ముగిశాక చాలామంది తిరిగి వెళ్లారు. బర్మాకు 1948 జనవరి 4న స్వాతంత్ర్యం వచ్చాక మనవారు అక్కడ విదేశీయులుగా నమోదు పత్రాలు పట్టుకుని ఉండవలసి వచ్చింది. 1962 మార్చిలో నే విన్ అనే సేనాని నడిపిన సైన్యం అధికారంలోకి వచ్చింది, 1964లో దుకాణాలను జాతీయం చేశారు, ఆ ఏడు మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లను రద్దు చేశారు. అప్పుడు ఓడల్లో మద్రాసుకూ విశాఖకూ వచ్చినవారిని బర్మా కాందిశీకులు అనేవారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు అలా వచ్చినదే. వారి పెట్టెల్లో ఏమి తెచ్చుకోనిచ్చారు, ఏమి తీసేసుకున్నారన్నది వేరే అధ్యాయం. మన బంధువుల్లో అలా వచ్చినవారు ఒక ఇంటివారే కాబట్టి నీకు అది చిన్న అధ్యాయమే అవుతుంది.

కాగితాల విషయంలో నా వృత్తి కొంత పనికొస్తుంది. రంగం సొమ్ముతో ఊళ్లో కొన్న భూమికి దస్తావేజు ఉంటుంది, ఓడ ఖర్చుకు తాకట్టు పెట్టిన భూమికి తనఖా దస్తావేజు ఉంటుంది, రెండింటి మీదా తేదీ ఉంటుంది. రిజిస్ట్రారు కార్యాలయంలో ఒకటవ సూచిక పేర్లను బట్టి, రెండవది ఆస్తిని బట్టి ఉంటాయి. ముత్తాత పేరు ఒక్కటే తెలిస్తే మొదటిది, పొలం తెలిస్తే రెండవది వెతికించి నకలు తీసుకోవాలి. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఎక్కడ నివసిస్తున్నాడో కూడా అందులో రాసేవారు. పాతవాటిలో మన పేట దస్తావేజులు కొన్ని తెలుగులో ఉన్నాయి, కొన్ని ఒడియాలో ఉన్నాయి. నువ్వు ఒడియా బడిలో చదివినందుకు ఇక్కడ నీకు లాభం, మీ హైదరాబాదు అన్నయ్యకు ఇది చేతకాదు.

ఉత్తరాలు దొరికితే ముందు స్టాంపు చూడు. 1937 ఏప్రిల్ దాకా ఇండియా స్టాంపులే వాడేవారు. ఆ తర్వాత కొంతకాలం అవే స్టాంపుల మీద బర్మా అన్న మాట అచ్చువేసినవి, 1938 నుండి బర్మా పేరుతో సొంత స్టాంపులు వచ్చాయి. ఉత్తరంలో తేదీ లేకపోయినా ఏ కాలానిదో దీనివల్ల చెప్పవచ్చు. వీధుల పేర్లు పాతవి ఉంటాయి. డల్హౌసీ స్ట్రీటు ఇప్పుడు మహాబందూల రోడ్డు, ఫ్రేజర్ స్ట్రీటు ఇప్పుడు అనవ్రతా రోడ్డు. మన ఊళ్ల పేర్లూ ఆ కాగితాల్లో వేరుగా ఉంటాయి. శ్రీకాకుళం చికాకోల్ అని, భీమునిపట్నం బిమ్లిపటం అని కనిపిస్తాయి. బరంపురం పేరు చూసినప్పుడు అది గంజాందో, బెంగాలులోని బహరంపూరో జిల్లా పేరు చూసి నిర్ధారించుకో.

వస్తువులను తక్కువగా చూడకు. మీ మామ్మ దేవుడి గదిలో ఉన్న ఇత్తడి చెంబును ఎప్పుడైనా వెలుతురులో తిప్పి చూశావా? మెడ కింద సన్నని చుక్కలతో కొట్టిన అక్షరాలున్నాయి. ముందు మా తాత ఇంటిపేరు మొదటి అక్షరం, తర్వాత ఆయన పేరు, ఆ పక్కన రంగూన్ అన్న మాట. డెక్కు మీద అందరి చెంబులూ ఒకే తీరుగా ఉండేవి కాబట్టి మారిపోకుండా పేరు కొట్టించుకునేవారు. చింతపండుతో తోమీ తోమీ అక్షరాలు అరిగిపోయాయి. దాని మీద పలుచని కాగితం పరిచి పెన్సిలుతో మెల్లగా రుద్దితే చుక్కలు కాగితం మీదికి వస్తాయి, అలా తీసిన ప్రతి నా దగ్గర ఒకటి ఉంది. ఫోటోల వెనుక స్టూడియో ముద్ర ఉంటుంది, ముందువైపు కంటే ఆ వెనుకవైపే ముందు ఫోటో తీసుకో. పాత కాగితాలను కిటికీ పక్కన పగటి వెలుతురులో ఫోన్‌తో తీయాలి, ఫ్లాష్ వాడకూడదు. ఎంతమంది చెప్పినా లామినేషన్ చేయించకు. మన వీధిలో ఒకరు తమ తండ్రి ఉత్తరాలన్నీ లామినేషన్ చేయించారు, ఇప్పుడు అవి పసుపుపచ్చగా మారి, లోపల బుడగలు లేచి, తీయడానికీ లేక, చదవడానికీ లేక ఉన్నాయి.

ఇంకొక విషయం చెప్పడానికి కొంత సంకోచమే, అయినా పెద్దవాడిగా చెప్పక తప్పదు. రంగం వెళ్లిన మగవారిలో కొందరికి అక్కడ మరో సంసారం ఉండేది. బర్మా స్త్రీలను చేసుకుని పిల్లలను కన్నవారు ఉన్నారు, యుద్ధంలో వారిని అక్కడే వదిలి వచ్చినవారూ ఉన్నారు. కొన్ని ఇళ్లలో ఈ మాట ఎత్తితే వాతావరణం మారిపోతుంది. నీకు ఆ జాడ తగిలినప్పుడు దాచిపెట్టవద్దు, బయటపెట్టి తిరగనూ వద్దు. వివరంగా రాసి, కవరులో పెట్టి, ఎవరు బతికి ఉన్నంత కాలం తెరవకూడదో పైన రాసి పెట్టు. ఆ పిల్లలకూ మనవలు ఉంటారు, వారిలో ఎవరైనా ఒకనాడు మన ఊరి పేరు పట్టుకుని వెతుక్కుంటూ రావచ్చు. వారికి చూపించడానికి ఒక కాగితం ఉండాలి. ఇంట్లోవారి పరువు కోసం ఆ కాగితాన్ని చింపెయ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోకు, నేను చెప్పానని చెప్పు.

భాష గురించి ఒక్క మాటే. మన ఇళ్లలో మాట్లాడే తెలుగులో ఒడియా మాటలు కలుస్తాయి, రంగం వెళ్లినవారి నోట బర్మా మాటలూ కలుస్తాయి. వాటిని దిద్ది పుస్తకాల తెలుగులోకి మార్చవద్దు. నీ వ్యాఖ్యలు నువ్వు ఎలాగైనా రాసుకో, వారి మాటలు మాత్రం వారి నోట వచ్చినట్టే ఉండాలి.

చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలా అని అడిగావు. 1936కు ముందరి గంజాం జిల్లా ప్రభుత్వ దస్త్రాలు మద్రాసువి కాబట్టి అక్కడ వెతకడం సబబే. నువ్వున్న భువనేశ్వర్‌లోనే ఒడిశా స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, ముందు అక్కడ చూడు. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ ఇంటర్నెట్‌లోనే తెరుచుకుంటుంది, ఇంట్లో కూర్చుని వెతకవచ్చు. అయితే అక్కడ దొరికేది ప్రభుత్వం కూలీల గురించి రాసుకున్నదే తప్ప మన ముత్తాత గురించి కాదని తెలిసి వెళ్లు. ఇదంతా వర్షాకాలంలో చేసుకోదగిన పని.

ఇప్పుడు చేయవలసిన పని మా అప్ప దగ్గరికి వెళ్లడం. మీ నాన్నకు మేనత్త, ఛత్రపురంలో కొడుకు ఇంట్లో ఉంది. మన ఇంట్లో ఆ ఓడ ఎక్కినవారిలో మిగిలింది ఆమె ఒక్కతే, తొంభై దాటింది. ఆమెకు ఎడమ చెవి వినపడదు కాబట్టి కుడివైపు కూర్చోవాలి, ఫోన్ ఆమె కంటికి ఎదురుగా పెట్టకుండా చాప మీద పెట్టాలి. పొద్దున్న ఫలహారం అయ్యాక పది గంటల దాకా బాగా మాట్లాడుతుంది, మధ్యాహ్నం నిద్రపోతుంది, సాయంత్రమైతే మాటలు కలిసిపోతాయి. ఇద్దరి కంటే ఎక్కువ మంది గదిలో ఉండకూడదు, ముఖ్యంగా ఆమె కొడుకు ఉండకూడదు, ఎందుకంటే ఆమె ఒక మాట అనేలోపు అతను నాలుగు దిద్దుబాట్లు చేస్తాడు. మొదటి రోజు ఓడ ప్రసంగమే ఎత్తకు, తిండి గురించి అడిగి వచ్చేయి. రెండోసారి వెళ్లినప్పుడు ఆమె ముందుసారి చెప్పినది నువ్వు అచ్చుగా రాసి పెద్ద అక్షరాల్లో తీసుకువెళ్లి చదివి వినిపించు. అక్కడ ఆమె "అలా కాదే" అని సరిదిద్దడం మొదలుపెడితే నీ పని సగం అయినట్టే.

దసరా సెలవులకు వస్తానని రాశావు. అంతదాకా ఆగవద్దు, వచ్చే ఆదివారమే రా. పొద్దున్న రైలుకు స్టేషనుకు మనిషిని పంపుతాను. చెంబు కాగితం, నా నోటు పుస్తకాలు తీసి పెట్టి ఉంచుతాను.

ఇట్లు,
ఆశీస్సులతో,
నీ చిన్నతాత